కట్ట అడిగిన ఊరు

పోచన్నగూడను పట్నం తనదని ఒప్పుకోదు, పల్లెలేమో ఎప్పుడో వెలివేశాయి. పన్ను వసూలు చేసేటప్పుడు అది పట్నం. నీళ్లు అడిగినప్పుడు పల్లె. రింగు రోడ్డు వచ్చి ఊరి నడుము మీద అడ్డంగా పడుకుంది. రోడ్డుకు అవతల పద్నాలుగంతస్తుల మేడలు, ఇవతల పాలకూర మళ్లు. మేడల వాళ్లు పొద్దున్నే కాఫీ కప్పుతో బాల్కనీలోకి వచ్చి ఈ మళ్లను చూసి కళ్లు చల్లబరచుకుంటారు. మళ్లు కనబడే ఫ్లాట్లకు ధర కొంచెం ఎక్కువేనట. ఆ ఎక్కువలో మళ్ల వాళ్లకేమైనా రావాలి కదా అని ఇంతవరకు ఎవరికీ తోచలేదు.

ఆ మళ్లలో పన్నెండు గుంటలు కావలి జంగమ్మవి. భర్త పోయి ఆరేళ్లయింది. ఇద్దరు ఆడపిల్లల కాలేజీ, ఇంటి తిండి, అత్తగారి మందులు అన్నీ ఆ పన్నెండు గుంటల్లోంచే రావాలి, వస్తున్నాయి. నల్లటి నేల, మంచి బోరు, గట్టి నోరు, ఇవీ ఆమె ఆస్తులు. తెల్లవారకముందే తోటకూర, చుక్కకూర, కొత్తిమీర కోసి, కట్టలు కట్టి, గంపలో పేర్చుకుని రింగు రోడ్డు మలుపులో నిలబడుతుంది. ఆమెతో కలిపి పదమూడు మంది ఆడవాళ్లు. వాళ్లను రైతుబజారుకు తీసుకుపోయే ట్రాలీ ఆటో ఆరుకు రావచ్చు, తొమ్మిదికి రావచ్చు. మలుపులో చెట్టు లేదు, చుక్క నీరు లేదు. ఎనిమిది దాటిందంటే కొత్తిమీర తలలు వాల్చేస్తుంది. వాడిన కట్టను బేరగాళ్లు రెండు వేళ్లతో ఎత్తి చూసి, చచ్చిన ఎలుకను పడేసినట్టు గంపలో పడేస్తారు. ఆ పడేయడం చూసినప్పుడల్లా జంగమ్మకు ఒళ్లు మండిపోయేది.

ఇంతలో ఊరికి అభివృద్ధి వచ్చింది.

ఇదివరకు ఆఫీసులు ఊళ్లను అడక్కుండా బాగుచేసేవి. అది చాలా తప్పని పెద్దలెవరో విదేశాల్లో మూడు రోజులు కూర్చుని తేల్చారు. ఇకమీదట ఊళ్లు తమను తామే బాగుచేసుకోవాలనీ, ఆఫీసులు వెనకాల నడవాలనీ నిర్ణయమైంది. అలా వెనకాల నడవడానికి ఒక పెద్ద ఆఫీసు కావలసి వచ్చింది. దాని పూర్తి పేరు ‘నగర పరిసర గ్రామాల సముదాయ సారథ్య ఆర్థికాభివృద్ధి సంస్థ’. బోర్డు మీద పేరు పట్టక రెండో వరుసలోకి దిగింది. జనం మాత్రం సారథ్యం ఆఫీసు అని ఊరుకున్నారు.

ఆ సంస్థకు ప్రాణంలాంటిది ఏడో నిబంధన. సముదాయం పలికిన మాటకు ఏ అధికారీ అక్షరం కలపరాదు, అక్షరం తీయరాదు, అర్థం చెప్పరాదు.

బడి ఆవరణలో షామియానా వేసి మొదటి సమావేశం పెట్టారు. సంచాలకులు విశ్వంభరరావు గారు వచ్చి, వేదిక మీద కుర్చీ వేస్తే కూర్చోనన్నారు. సముదాయం ముందుండాలి, తాను వెనక ఉండాలి అన్నారు. జనం వెనక్కి కుర్చీ మోసుకుపోయి వేశారు. ఆయన మాట్లాడడం మొదలుపెట్టగానే అందరూ వెనక్కి తిరిగి కూర్చున్నారు. అంతటితో వెనక ముందైపోయింది.

ప్రేరకురాలు హరిప్రియ రంగు చీటీలు పంచింది. ఆ అమ్మాయి ఉద్యోగం ఊళ్లచేత మాట్లాడించడం.

"అమ్మలారా, అందరూ కళ్లు మూసుకోండి. పదేళ్ల తర్వాత మీ ఊరు ఎలా ఉండాలో కల కనండి" అంది.

మూడు గంటలకు లేచి కూర కోసిన ఆడవాళ్లు కళ్లు మూసుకున్నారు. జంగమ్మ పక్కనున్న మణెమ్మ వెంటనే గురక పెట్టింది. ఇంకో నలుగురు ఆమెను అనుసరించారు. మినిట్సు పుస్తకంలో ‘ఐదుగురు సభ్యులు గాఢమైన ఆలోచనలో నిమగ్నులైరి’ అని నమోదైంది.

జంగమ్మకు మాత్రం నిద్ర రాలేదు. లేచి నిలబడింది.

"కలలు గాదు సారూ. మాకు కట్టతోని తిప్పలయితున్నది."

"చెప్పండమ్మా. సముదాయ స్వరం వినడానికే కదా మేమున్నది" అన్నారు విశ్వంభరరావు గారు, చేతులు రెండూ గుండెల మీద పెట్టుకుని.

"గా మలుపుకాడ కట్ట ఎండకు ఆగుతలేదు. కట్టకు ఇంత నీడ గావాలె. కట్ట మీద నీళ్లు చల్లుతందుకు ఒక నల్లా వెట్టియ్యుర్రి. కట్టకు పది రూపాయలన్న రావాలె. గంతే. మిగిలిన కలలు మీరే కనుర్రి."

ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడుకు మణెమ్మ లేచి తనూ కొట్టింది. హరిప్రియ రాసుకుంటూ రాసుకుంటూ, పక్కన చిన్న అక్షరాలతో ‘ఆకుకూర’ అని కూడా రాసింది. విశ్వంభరరావు గారు మెడ చాచి చూసి దగ్గారు.

"హరిప్రియా, ఆవిడ ఆకుకూర అన్నారా?"

"అనలేదు సర్. కానీ ఆకుకూర కట్టే కదా సర్."

"మీరు అర్థం చెబుతున్నారు."

హరిప్రియ ముఖం ఎర్రబడింది. రబ్బరు తీసి ‘ఆకుకూర’ను తుడిచేసింది. పోచన్నగూడ తలరాత ఆ రబ్బరు కింద ఒక్క నిమిషంలో మారిపోయిందని అప్పుడక్కడ ఎవరికీ తెలియదు. అందరిలోనూ మాట్లాడింది తనొక్కతే కాబట్టి జంగమ్మను సముదాయ అధ్యక్షురాలిని చేశారు. అందరిచేతా హాజరు పట్టీలో సంతకాలు పెట్టించి, మెడలో ఒక కార్డు వేసి, పులిహోర పొట్లం చేతికిచ్చి పంపారు. పులిహోర బాగుందని జంగమ్మ ఒప్పుకుంది.

ఆ కాగితం పట్నంలో పెద్దాఫీసుకు చేరింది. అక్కడ ఏ మాట ఏ విభాగానికి పోవాలో తేల్చడానికి ఒక లావుపాటి పుస్తకం ఉంది. గుమాస్తా క-గుణింతం తీసి, వేలు పెట్టి వెతికి, ‘కట్ట: ఇంజినీరింగు విభాగం’ అన్నచోట ఆగి, కాగితాన్ని ఆ అల్మారాలోకి తోసేశాడు. అతను ఆ రోజు సాయంత్రం ఇంటికి పోతూ పాలకూర కట్ట కొనుక్కుని పోయాడు.

రెండు నెలలకు మళ్ల గట్టు మీదికి ఒక జీపు వచ్చింది. అందులోంచి ఇంజినీరు భుజంగం గారు, ఆయన వెనకే ఒక టేపు దిగాయి.

"మీ కోరిక మంజూరైందమ్మా. నాలుగు వందల మీటర్ల కట్ట, రెండు నిలువుల ఎత్తు. పైన నీడకు అరవై గొడుగులు. నీళ్లు చల్లడానికి స్ప్రింక్లర్లు. ఎక్కడానికి టికెట్టు పది రూపాయలు. మీరన్నది ఒక్కటి కూడా వదల్లేదు" అన్నాడాయన, బిడ్డ పుట్టిన కబురు చెబుతున్నంత సంతోషంగా.

జంగమ్మ నవ్వింది. ఎవరో మేడల వాళ్ల పిల్లలు ఆటపట్టించడానికి పంపారనుకుంది.

"ఏం కట్ట సారూ? చెరువు కట్టనా? మా ఊరికి చెర్వే లేకపాయె! గా రోడ్డవతల మేడలున్నయి సూడు, గదే మా చెరువు."

నిజమే. చెరువు పూడ్చి మేడలు లేపి పదేళ్లయింది. ఆ కాలనీకి పేరు మాత్రం లేక్ వ్యూ అని పెట్టారు.

భుజంగం గారు ఫైలు తిరగేశాడు. "చెరువు ఊసు ఇందులో లేదమ్మా. సముదాయం చెరువు అడగలేదు. కట్ట అడిగింది. అడగనిది ఇచ్చి మీ మీద పెత్తనం చేయమంటారా?"

"చెర్వు లేకుంట కట్టెందుకయ్యా, ఎవరన్న సూస్తే నవ్వరా?"

"ఎందుకని అడగడం నిబంధనలకు విరుద్ధం. ‘ఎండకు ఆగుతలేదు’ అన్నారు. మట్టి ఎండకు బీటలు వారి కోసుకుపోతున్నదని మేం అనుకున్నాం. అనుకున్నామంతే, రాయలేదు."

టేపు మేడల వైపు సాగలేదు. అక్కడ కాంపౌండు గోడలు, గోడల వెనక వకీళ్లు ఉన్నారు. టేపు మళ్ల వైపు సాగింది. తిన్నగా సాగి జంగమ్మ పన్నెండు గుంటలను ఒక కొస నుంచి ఇంకో కొసకు దాటి, మణెమ్మ కొత్తిమీరలో అడుగుపెట్టింది.

"ఇది నా భూమి!" అని అరిచింది జంగమ్మ.

"సముదాయం కట్ట అడిగింది కనుక, కట్టకు స్థలం కూడా సముదాయమే ఇచ్చినట్టు భావించడమైనది. ఇదిగో మీ సంతకం" అని ఆయన హాజరు పట్టీ చూపించాడు. పులిహోర పొట్లానికి ముందు పెట్టిన సంతకమే అది, వంకర లేకుండా చక్కగా ఉంది.

ఆ రాత్రి జంగమ్మ అన్నం ముట్టలేదు. మర్నాడు కూర అమ్మగానే ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని, మెడలో అధ్యక్షురాలి కార్డు వేసుకుని నేరుగా సారథ్యం ఆఫీసుకు పోయింది. కార్డు చూసి బంట్రోతు లేచి నిలబడ్డాడు. గంప చూసి మళ్లీ కూర్చున్నాడు.

విశ్వంభరరావు గారు మాత్రం ఎదురొచ్చి కుర్చీ వేయించారు. ఆమె చెప్పిందంతా కళ్లు సగం మూసుకుని విన్నారు.

"నాకు తెలుసమ్మా" అన్నారు చివరికి, చాలా మెల్లగా. "కట్ట అంటే ఆకుకూర కట్టే. మొదటి రోజే తెలుసు. హరిప్రియకు తెలుసు. భుజంగానికీ తెలుసు, వాళ్లావిడది మీ జిల్లాయే. కానీ మాకు తెలిసిందంతా రాస్తూ పోతే ఇక సముదాయ సారథ్యం ఎక్కడుంటుంది? మళ్లీ పాతకాలపు పెత్తనమే కదా?"

"అయితే నేనే చెప్తున్న గద సారూ. తప్పు రాసిండ్రు. దిద్దుర్రి."

"మీరొక్కరు చెబితే అది వ్యక్తి మాట. సముదాయపు మాటను వ్యక్తి ఎలా దిద్దుతారు? మీ మాటను మీ నుంచి కాపాడడానికే మేమున్నాం. మళ్లీ సమావేశం పెట్టుకోండి. ముప్పై రోజుల నోటీసు, మూడింట రెండు వంతుల హాజరు. సముదాయం వద్దంటే మేం ఒక్క తట్ట మన్ను కూడా వేయం."

"గీ ముప్పై దినాలు పని ఆపుతరా?"

"ఆపమని సముదాయం చెప్పలేదు కదమ్మా."

ముప్పై రోజుల్లో లారీలు ఎర్ర మొరం తెచ్చి పోస్తూనే ఉన్నాయి. మొదటి లారీ తన తోటకూర మీద మొరం కుమ్మరించినప్పుడు జంగమ్మ గట్టు మీద నిలబడి చూసింది. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపంలో లారీ డ్రైవరును వాడి ఏడు తరాలతో సహా తిట్టింది. వాడు పాపం పక్క రాష్ట్రం వాడు, ఒక్క ముక్క అర్థం కాక దండం పెట్టాడు. ఇరవై ఎనిమిదో నాటికి కట్ట లేచింది. అటు చూస్తే చెరువు లేదు, ఇటు చూసినా చెరువు లేదు. నడుమ కట్ట మాత్రం ఎవరో పిలిస్తే వచ్చి, ఎవరు పిలిచారో తెలియని చుట్టంలా నిలబడింది. పైన అరవై గొడుగులు విప్పారు. స్ప్రింక్లర్లు తిరగడం మొదలుపెట్టాయి. టికెట్లు చింపడానికి, విజిల్ ఊదడానికి సముదాయం నుంచే ఒకరిని తీసుకోవాలన్నారు. జంగమ్మ మరిది బిచ్చయ్యకు టోపీ పెట్టారు.

ముప్పై ఒకటో నాడు సమావేశం. ఈసారి ఎవరూ కళ్లు మూసుకోలేదు. పదమూడు మందీ, వాళ్ల వెనక ఊరు ఊరంతా లేచి నిలబడి ఒక్క గొంతుతో అన్నారు.

"మాకు కట్ట వద్దు!"

హరిప్రియ ఎంతో సంతోషంగా రాసుకుంది. ఎవరూ చూడకుండా జంగమ్మ వైపు తిరిగి చిన్నగా తల ఊపింది కూడా. ఆ కాగితం మళ్లీ పెద్దాఫీసుకు పోయింది. గుమాస్తా ఇంజినీరింగు అల్మారా తెరిచాడు. కట్ట ఫైలు మీద ‘పని పూర్తి, ఫైలు మూసివేయడమైనది’ అని ఎర్ర ముద్ర ఉంది. మూసిన ఫైలులో కాగితం పెట్టకూడదు. అతను లావుపాటి పుస్తకం మళ్లీ తీశాడు. ‘కట్ట’కు ఎదురుగా ఇంకో విభాగం ఏదైనా ఉందేమోనని కింది వరుస చూశాడు. ఉంది. ‘కట్ట, ఆకుకూర: మార్కెటింగు విభాగం.’

వారం తిరక్కుండా రైతుబజారు గేటు దగ్గర సూపర్‌వైజరు ట్రాలీ ఆటోను ఆపాడు. చేతిలో కాగితం ఉంది. గొంతు సవరించుకుని చదివాడు.

"పోచన్నగూడ సముదాయం ఏకగ్రీవంగా వెలిబుచ్చిన ఆకాంక్షను సంపూర్ణంగా గౌరవిస్తూ, ఆ గ్రామపు ఆకుకూరలు ఇకమీదట కట్టలుగా లోనికి అనుమతించబడవు."

ఆటోలో మొదట మణెమ్మ తేరుకుంది.

"అక్కా, ఇప్పుడు సమజైందా వీళ్లకు? కట్టంటే కూర కట్టని?"

"సమజయింది చెల్లె" అంది జంగమ్మ. "మనం వద్దన్నంక సమజయింది."

గేటు ముందే కూర్చుని పదమూడు మందీ కట్టలు విప్పారు. జంగమ్మ గంపలోది, తన నేల పోయాక మరో మనిషి మడిలో సగం వాటాకు పండించిన పాలకూర అది. విప్పిన కూర గంపలో ఎండుగడ్డిలా చెదిరిపోయింది. కొనేవాళ్లు గుప్పెట నింపి, ఇంకో గుప్పెట కొసరు వేసుకుని, ఇదేం బేరమమ్మా అని నవ్వి పోయారు. ఇంటికి వస్తూ జంగమ్మ ఆటోలో తల వంచుకుని కూర్చుంది. పెద్దపిల్ల ఫీజు కట్టే గడువు ఆ నెలే. ఊరి కోసం నోరు విప్పినందుకు తన ఇల్లే మునిగిందన్న మాట ఆమెను లోపల కోసేస్తోంది. ఆ రోజు నుంచి ఇక నోరు తెరవకూడదని ఒట్టు పెట్టుకుంది. ఆ ఒట్టు నాలుగు రోజులు నిలిచింది. జంగమ్మకు అది చాలా ఎక్కువ.

ఐదో నాడు కట్ట ప్రారంభోత్సవం. పట్నం నుంచి, అంతకన్నా దూరం నుంచి అతిథులు వచ్చారు. లేక్ వ్యూ వాళ్లు టికెట్లు కొనుక్కుని కట్ట మీద నడిచారు. మేడలు ఈ ఎత్తు నుంచి చూస్తే భలే ఉన్నాయని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. వేదిక మీద అధ్యక్షురాలిని మధ్యలో కూర్చోబెట్టి మైకు చేతికిచ్చారు.

జంగమ్మ రాత్రంతా ఆలోచించి పెట్టుకుంది. కట్ట అనే మాట రాకూడదు. రెండర్థాలున్న మాట ఏదీ రాకూడదు.

"నా భూమి నాకియ్యుర్రి" అంది.

అతిథులు దుబాసీ వైపు చూశారు. విశ్వంభరరావు గారు చిరునవ్వు చెదరకుండా హరిప్రియ వైపు వంగారు. "‘నా’ అన్నారు. అది వ్యక్తిగతం. రాయనక్కర్లేదు."

కింద కూర్చున్న పన్నెండు మందీ విన్నారు. లేచి, "మా భూమి మాకియ్యుర్రి!" అని గట్టిగా అరిచారు. వాళ్లతో పాటు ఊరు కూడా అరిచింది. ఈసారి ఆ అరుపుల్లో మాటలు కలిసిపోయాయి. మినిట్సు పుస్తకంలో ‘హర్షధ్వానాలు’ అని పడింది.

తర్వాత విశ్వంభరరావు గారు ముగింపు ఉపన్యాసం చేశారు. గంట సేపు చేశారు. అందులో సాధికారత, సమ్మిళితం, సుస్థిరత, ఇంకా జంగమ్మకు ఏ అంగట్లోనూ దొరకని సరుకు చాలా ఉంది. చివర్లో మాత్రం ఆయనకు నిజంగానే ఆవేశం వచ్చింది. బల్ల గుద్దారు.

"మిత్రులారా! ఇక్కడ సముదాయం తలచుకుంటే చాలు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. సముదాయం ఒక పనికి పూనుకున్నాక దాన్ని ఆపే అధికారం నాకు లేదు, నా పైవాళ్లకూ లేదు, ఏ అధికారికీ లేదు!"

ఆ గంటలో జంగమ్మకు సాఫుగా అర్థమైనది ఆ ఒక్క ముక్కే. పక్కన హరిప్రియ దాన్ని అక్షరం పొల్లుపోకుండా రాస్తుంటే వంగి చూసింది.

"రాసినవా బిడ్డా?"

"రాశానమ్మా" అంది హరిప్రియ. ఈసారి రబ్బరు కిటికీలోంచి బయట పారేసినంత ధైర్యంగా తలెత్తి అంది. "సంచాలకుల సంతకం కూడా పెట్టిస్తాను."

మర్నాడు పొద్దున ఆరుకు కట్ట కొసన పదమూడు మంది ఆడవాళ్లు పారలు, గడ్డపారలు, తట్టలతో దిగారు. మణెమ్మ చద్ది గిన్నె కూడా తెచ్చుకుంది. మొదటి గడ్డపార పోటు పడగానే బిచ్చయ్య టోపీ సర్దుకుంటూ, విజిల్ ఊదుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"వదినే! వదినే! ఏం జేస్తున్నరు? ఎవలి ఆర్డరు ఇది?"

"సముదాయం ఆర్డరు" అంది జంగమ్మ, పార ఆపకుండా.

బిచ్చయ్య విజిల్ నోట్లోనే ఉండిపోయింది. ఆపాలంటే ఎవరు ఆపాలో అతనికి చెప్పలేదు. ఫోను తీసి భుజంగం గారికి చేశాడు. భుజంగం గారు ఫైలు మూసేశామన్నారు. మార్కెటింగు వాళ్లకు చేశాడు. మట్టి తమ పరిధిలోకి రాదన్నారు. చివరికి విశ్వంభరరావు గారికే చేశాడు. నిన్నటి మినిట్సు ఆయన బల్ల మీదే ఉన్నట్టుంది. కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఆయన ఏదో అన్నారు. బిచ్చయ్య "ఆఁ సార్, అట్లనే సార్" అని ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"ఏమంటడు?" అంది మణెమ్మ.

"ఆపే అధికారం ఆయనకు లేదంట. కానీ రిపోర్టుకు ఫొటోలు గావాల్నంట. వదినే, అందరూ ఒక్కపారి ఇటు మళ్లి నవ్వుర్రి."

జంగమ్మ నడుము నిటారు చేసి మరిది వైపు చూసింది. నవ్వింది కానీ, ఫొటో కోసం కాదు.

"బిచ్చయ్యా, నువ్వు ఊరోనివా, ఆఫీసోనివా? ఒక్క దిక్కు తేల్చుకో. తట్ట ఖాళీగున్నది."

బిచ్చయ్య ఒక నిమిషం ఆలోచించాడు. ఫొటో తీశాడు, పంపాడు. టోపీ తీసి దగ్గర్లోని గొడుగు ఊచకు తగిలించి, పంచె ఎగ్గట్టి తట్ట ఎత్తాడు. తొమ్మిది గంటలకు ఊళ్లోంచి మగవాళ్లు కూడా వచ్చారు. లేక్ వ్యూ బాల్కనీల్లో జనం కాఫీ కప్పులతో నిలబడి, ఇది ఏ దశ అభివృద్ధో అని చూస్తున్నారు.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఎర్ర మొరం కింద జానెడు మేర నల్లనేల బయటపడింది. జంగమ్మ పార పక్కన పెట్టి కూలబడింది. పిడికెడు మన్ను తీసి పిసికి చూసింది. ఆరిపోయి ఉంటుందనుకుంది. తడిగానే ఉంది.

"మణెమ్మా" అని పిలిచింది. "ఇంటికాడ మెంతుల సంచి ఉన్నది. తీస్కరా పో."